పారామీటర్లు డేటాతో తేలతాయా, తేలవా? ఐడెంటిఫయబిలిటీ పరీక్షలు ఎలా చేయాలి, ఏ పద్ధతి ఎప్పుడు వాడాలి

మోడల్‌ను డేటాకు సరిపెట్టారు, ఫిట్ చక్కగా కుదిరింది. కానీ ఆప్టిమైజర్‌ను (సరిపోయే పారామీటర్ విలువల్ని వెతికే ప్రోగ్రామ్) ఇంకో చోటి నుంచి మొదలుపెట్టి నడిపితే కర్వ్ అదే వస్తోంది, పారామీటర్ల విలువలు మాత్రం వేరు. ఇందులో ఏది నిజం అని అడిగేవాళ్ళకు కొదవ లేదు. వెనకే రెండో ప్రశ్న కూడా వస్తుంది: ప్రొఫైల్ లైక్లీహుడ్ ఒక్కటి చేస్తే చాలా, ఫిషర్ మాట్రిక్స్ చూడాలా, డిఫరెన్షియల్ ఆల్జీబ్రా దాకా వెళ్ళాలా?

ఇవి ఒకే పనికి వాడే మూడు పనిముట్లు కావు. ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతుంది. ఒకదాని జవాబు తీసుకెళ్ళి ఇంకోదాని ప్రశ్నకు అతికించినప్పుడే తంటా మొదలవుతుంది. అందుకే కింద అన్ని పద్ధతులనూ ఒకే మోడల్ మీద నడిపిస్తున్నాను. ఒకటి పట్టుకున్న లోపాన్ని ఇంకోటి ఎలా వదిలేస్తుందో అప్పుడు కళ్ళకు కడుతుంది.

థియరీ ఇంత చాలు

స్ట్రక్చరల్ ఐడెంటిఫయబిలిటీ: కొలతల్లో నాయిస్ అసలు లేదు, కర్వ్ మొత్తం ఎడతెగకుండా చేతిలో ఉంది అనుకుందాం. అప్పుడైనా పారామీటర్ తేలుతుందా? రిచర్డ్ బెల్‌మన్, కార్ల్ యోహాన్ ఆస్ట్రోమ్ 1970లో ఎత్తిన ప్రశ్న ఇదే. ఇందులో రెండు మెట్లున్నాయి. దగ్గర్లో వేరే జవాబు లేకపోతే లోకల్, ఎక్కడా లేకపోతే గ్లోబల్.

ప్రాక్టికల్ ఐడెంటిఫయబిలిటీ: మీ దగ్గరున్న నాలుగు కొలతలతో, వాటిలో ఉన్న నాయిస్‌తో ఎంత ఇరుకైన అంతరానికి రాగలం?

మొదటిదానికి డేటా అక్కర్లేదు, సమీకరణాలు చాలు. రెండోదానికి డేటా లేకుండా కుదరదు.

ఏమేం కావాలి

- మోడల్ సమీకరణాలు, ప్రారంభ విలువలు. ప్రారంభ విలువల్లో ఏవి తెలుసు, ఏవి తెలియవు అన్నది విడివిడిగా రాసి పెట్టుకోండి.
- నిజంగా ఏం కొలుస్తున్నారు, ఏ యూనిట్లలో కొలుస్తున్నారు అన్న స్పష్టత.
- సింబాలిక్ టూల్ (అంకెలతో కాక అక్షరాలతోనే సమీకరణాలు లెక్కించేది) ఒకటి: జూలియాలో స్ట్రక్చరల్‌ఐడెంటిఫయబిలిటీ ప్యాకేజీ, మేపుల్‌లో సియాన్, రెడ్యూస్‌లో డైసీ, మాట్‌ల్యాబ్‌లో స్ట్రైక్-గోల్డ్ లేదా జెన్‌ఎస్ఎస్ఐ. వీటిలో ఏదైనా సరే.
- ఫిట్టింగ్‌కు, ప్రొఫైల్‌కు ఒకటి: మాట్‌ల్యాబ్‌లో డేటా2డైనమిక్స్, పైథాన్‌లో పైపెస్టో, లేదా మీరే రాసుకున్న కోడ్.
- టాలరెన్స్ (లెక్కలో అనుమతించే తప్పు) బిగించగలిగే ఓడీఈ సాల్వర్, అంటే డిఫరెన్షియల్ సమీకరణాలను అంకెల్లో సాధించే ప్రోగ్రామ్.

మన ఉదాహరణ

హెచ్‌ఐవీ పరిశోధనలో దశాబ్దాలుగా నడుస్తున్న చిన్న మోడల్ ఇది. సోకని కణాలు టి, సోకిన కణాలు ఐ, రక్తంలో వైరస్ వి.

టి మారే వేగం = లామ్డా − డి × టి − బీటా × టి × వి
ఐ మారే వేగం = బీటా × టి × వి − డెల్టా × ఐ
వి మారే వేగం = పి × ఐ − సి × వి

లామ్డా కొత్త కణాలు పుట్టే వేగం, డి సోకని కణాలు చనిపోయే రేటు, బీటా సోకే రేటు, డెల్టా సోకిన కణాలు చనిపోయే రేటు, పి వైరస్ తయారయ్యే రేటు, సి వైరస్ తొలగిపోయే రేటు. కొలిచేది వి ఒక్కటే. తెలియనివి ఆరు పారామీటర్లు, మూడు ప్రారంభ విలువలు, మొత్తం తొమ్మిది.

1. ముందు చేత్తో స్కేలింగ్ పరీక్ష చేయండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే పది నిమిషాలు దీనికి ఇవ్వండి. కొలవని స్టేట్‌లను (కాలంతో మారే టి, ఐ లాంటి రాశులను) ఏదో సంఖ్యతో గుణించండి. ఆ మార్పును పారామీటర్లు మింగేయగలవా చూడండి. మన మోడల్‌లో టి, ఐ, లామ్డాలను 2తో గుణించి, పిని 2తో భాగించండి. మొదటి రెండు సమీకరణాల్లో రెండు వైపులా 2 కొట్టుకుపోతుంది. మూడోదాంట్లో పి × ఐ మారనే మారదు. అంటే వి కర్వ్ అక్షరాలా అదే. లామ్డా, పి విడివిడిగా తేలవు. వాటి లబ్ధం మాత్రమే తేలుతుంది.

హెచ్చరిక: టి ప్రారంభ విలువను లామ్డా భాగించు డి అని కట్టేస్తే గండం గడిచిందనుకుంటారు. గడవలేదు. లామ్డా రెట్టింపైతే ఆ విలువా రెట్టింపవుతుంది కాబట్టి సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇంకో హెచ్చరిక: టి ప్రారంభాన్ని 10 లక్షలు అని ఫిక్స్ చేస్తే లామ్డా, పి రెండూ తేలతాయి, అది నిజమే. కానీ అసలు విలువ 5 లక్షలైతే మీకొచ్చే పి అసలులో సగం, లామ్డా అసలుకు రెట్టింపు. ఫిట్ మాత్రం ఇసుమంత కూడా చెడదు. మీ ఊహే ముసుగేసుకుని ఫలితంగా బయటికొస్తుందన్నమాట.

2. సింబాలిక్ టూల్‌తో గ్లోబల్ పరీక్ష

డిఫరెన్షియల్ ఆల్జీబ్రా చేసే పని వినడానికి భయంగా ఉంటుంది గానీ విషయం చిన్నదే. కొలవని స్టేట్‌లన్నిటినీ తొలగించి, కొలిచినదాంతోనూ దాని డెరివేటివ్‌లతోనూ ఒకే సమీకరణం రాస్తుంది. దాని గుణకాలే డేటా మనకు చెప్పగలిగిన సర్వస్వం. మన మోడల్‌లో మొదటి మెట్టు చేత్తోనే చేయొచ్చు. ఐని తొలగిస్తే ఇలా వస్తుంది:

వి రెండో డెరివేటివ్ + (సి + డెల్టా) × వి మొదటి డెరివేటివ్ + సి × డెల్టా × వి = పి × బీటా × టి × వి

సి, డెల్టా ఎలా కనిపిస్తున్నాయో చూడండి: మొత్తంగా ఒకసారి, లబ్ధంగా ఒకసారి. మిగతా లెక్క పూర్తి చేసినా ఇంతకుమించి ఏమీ రాదు. రెంటి స్థానాలు తారుమారు చేసినా సమీకరణం మారదు. అంటే అవి లోకల్‌గా తేలతాయి, గ్లోబల్‌గా తేలవు. రెండు జవాబులున్నాయి, రెండూ సరైనవే.

టూల్‌కు ఈ మోడల్ ఇస్తే రావాల్సిన తీర్పు: బీటా, డి గ్లోబల్, సి, డెల్టా లోకల్, లామ్డా, పి తేలవు. తేలే కలయికలు అడిగితే లామ్డా × పి, సి + డెల్టా, సి × డెల్టా కనిపించాలి. టూల్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు ముందు ఈ మోడల్‌తోనే పరీక్షించండి. జవాబు వేరేగా వస్తే సమీకరణం టైప్ చేయడంలో తప్పుంది.

జాగ్రత్తలు:

- ఈ పద్ధతికి సమీకరణాలు భాగహారం, గుణకారం, కూడికలతోనే ఉండాలి. మైకేలిస్-మెంటెన్ పదాలకు (ఎంజైమ్ వేగాన్ని చెప్పే భిన్నాలు) ఇబ్బంది లేదు. హిల్ ఘాతం (స్పందన ఎంత నిటారుగా లేస్తుందో చెప్పే ఘాతం) తెలియని పారామీటర్ అయితే టూల్ మొరాయిస్తుంది. ఘాతాన్ని 2 లేదా 4గా ఫిక్స్ చేసి నడపడం ఒక దారి. ఆ ఘాత పదాన్నే కొత్త స్టేట్‌గా పెట్టి దానికి డిఫరెన్షియల్ సమీకరణం రాయడం ఇంకో దారి. రెండో దారిలో కొత్త స్టేట్ ప్రారంభ విలువకూ పాత స్టేట్‌కూ ఉన్న లంకె తెగుతుంది కాబట్టి ‘తేలదు’ అని వస్తే వెంటనే నమ్మకండి.
- చాలా టూల్స్ ప్రారంభ విలువలు తెలియవనీ, ప్రత్యేకమైనవి కావనీ అనుకుని తీర్పు ఇస్తాయి. మీ ప్రయోగం సున్నాతో మొదలైతే ఆ తీర్పు వర్తించకపోవచ్చు. మన మోడల్‌లోనే ఐ, వి రెండూ సున్నాతో మొదలైతే వి ఎప్పటికీ సున్నాయే, బీటా కాదు కదా ఏదీ తేలదు. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. ఐ మాత్రమే సున్నాతో మొదలైందని ఖాయంగా తెలిస్తే, వి మొదట తగ్గే వేగమే సిని చెప్పేస్తుంది. సి, డెల్టాల తారుమారు అక్కడితో పోతుంది. లామ్డా-పి ముడి మాత్రం అలాగే ఉంటుంది.
- సియాన్ లాంటివి యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కిస్తాయి, తీర్పు 0.99 లాంటి సంభావ్యతతో వస్తుంది. అనుమానముంటే మళ్ళీ నడపండి.

3. మెమరీ చాలక టూల్ ఆగిపోతే

పెద్ద సిగ్నలింగ్ మోడళ్ళతో ఇది మామూలే. రాత్రంతా వదిలేసి పొద్దున చూద్దామనుకోకండి. ముందు ఇవి చేయండి: పరిరక్షణ నియమాలతో స్టేట్‌లు తగ్గించండి (మొత్తం ఎంజైమ్ స్థిరమైతే ఒక సమీకరణం పోతుంది), విడిగా తెలిసిన పారామీటర్లకు సంఖ్యలు పెట్టండి, ఇంకో కొలతను అవుట్‌పుట్‌గా చేర్చి భారం తగ్గుతుందేమో చూడండి.

అయినా కుదరకపోతే ర్యాంక్ పరీక్షకు దిగండి. స్ట్రైక్-గోల్డ్ చేసేది ఇదే. పారామీటర్లను కూడా మారని స్టేట్‌లుగా భావించి, అవుట్‌పుట్ డెరివేటివ్‌ల మాట్రిక్స్ ర్యాంక్ (ఒకదానిపై ఒకటి ఆధారపడని నిలువు వరుసల సంఖ్య) పూర్తిగా ఉందా అని చూస్తుంది. ఎక్స్‌పొనెన్షియల్, హిల్ ఘాతం లాంటివి ఉన్నా నడుస్తుంది. నష్టం ఒక్కటే, తీర్పు లోకల్ మాత్రమే. మన సి-డెల్టా తారుమారు దీని కంట పడదు.

టేలర్ సిరీస్, జనరేటింగ్ సిరీస్ పద్ధతులు (అవుట్‌పుట్‌ను పదాల వరుసగా విప్పేవి) కూడా ఉన్నాయి. రెండు మూడు స్టేట్‌ల మోడల్‌కు కాగితం మీద బాగుంటాయి. ఎన్ని పదాలు తీసుకుంటే చాలో ముందుగా తెలియకపోవడమే చిక్కు. చిష్, బాంగా, బాల్సా-కాంటో 2011లో ఈ పద్ధతులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఏ ఒక్కటీ అన్ని మోడళ్ళకూ పనికిరాదని తేల్చారు. వాళ్ళు మొగ్గింది జనరేటింగ్ సిరీస్ వైపు. నేనైతే మోడల్ చిన్నదైతే నేరుగా రెండో మెట్టుకే వెళ్తాను. ఇవాళ్టి టూల్స్‌తో చాలా మోడళ్ళకు అది సరిపోతుంది.

4. సెన్సిటివిటీ మాట్రిక్స్

ప్రతి పారామీటర్‌కూ అవుట్‌పుట్ ఎంత స్పందిస్తుందో ప్రతి సమయం దగ్గరా లెక్కించి మాట్రిక్స్ కట్టండి. విలువల్ని లాగ్ స్కేల్‌లో తీసుకోండి, అంటే ప్రతి సెన్సిటివిటీని ఆ పారామీటర్ విలువతో గుణించండి. తర్వాత ఎస్‌వీడీ (మాట్రిక్స్‌ను సింగ్యులర్ విలువలుగా, వాటికి జతపడే వెక్టర్లుగా విడగొట్టే లెక్క) చేయండి. ఫిషర్ మాట్రిక్స్ (సెన్సిటివిటీల లబ్ధాలతో కట్టేది) ర్యాంక్ చూసినా విషయం అదే, కానీ అక్కడ చిన్న సంఖ్యలు వర్గమై ఇంకా చిన్నవైపోతాయి. అందుకే నేరుగా సెన్సిటివిటీ మాట్రిక్స్ మీదే ఎస్‌వీడీ చేయడం మేలు.

మన మోడల్‌లో తొమ్మిది తెలియనివి, కాబట్టి కనీసం తొమ్మిది సమయాలు కావాలి. ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. ర్యాంక్ 8 రావాలి. సున్నా సింగ్యులర్ విలువకు జతపడే వెక్టర్ తెరిచి చూడండి: లామ్డా, టి ప్రారంభం, ఐ ప్రారంభం దగ్గర 0.5, పి దగ్గర −0.5, మిగతా ఐదింటి దగ్గర సున్నా (గుర్తులన్నీ తిరగబడి కూడా రావచ్చు). మొదటి మెట్టులో చేత్తో కనుక్కున్న ముడే ఇక్కడ అంకెల్లో కనిపిస్తోంది. ‘ఏదో తేలడం లేదు’ అని ఊరుకోకుండా ఏవి ఏవితో ముడిపడ్డాయో చెప్పడమే ఈ పద్ధతి గొప్ప.

ఇక్కడ తరచూ జరిగే తప్పు: ఎంత చిన్నదైతే సున్నా? 0.0001 వస్తే సున్నా కింద లెక్కా? పరీక్ష ఇది. సాల్వర్ టాలరెన్స్‌ను పది వేల వంతు బిగించి మళ్ళీ నడపండి. నిజమైన సున్నా టాలరెన్స్‌తో పాటు ఇంకా కిందికి జారుతుంది. డేటా బలహీనంగా ఉండటం వల్ల చిన్నదైన విలువ ఉన్నచోటే ఉంటుంది. మొదటిది స్ట్రక్చరల్ జబ్బు, రెండోది ప్రాక్టికల్ జబ్బు. సాల్వర్ డిఫాల్ట్ టాలరెన్స్‌తో, ఫైనైట్ డిఫరెన్స్‌తో లెక్కిస్తే రెంటికీ తేడా నాయిస్‌లో కలిసిపోతుంది. సెన్సిటివిటీ సమీకరణాలు గానీ ఆటోమేటిక్ డిఫరెన్షియేషన్ గానీ వాడండి.

ఇది ఒక్క బిందువు దగ్గర తీసిన లెక్క అని మర్చిపోవద్దు. పారామీటర్ విలువల్ని మార్చి కొన్ని వేర్వేరు చోట్ల చేయండి. సి-డెల్టా తారుమారును ఇది కూడా పట్టుకోలేదు.

5. నకిలీ డేటాతో రిహార్సల్

అసలు డేటా ముట్టుకోకముందు, తెలిసిన విలువలతో డేటా తయారు చేసి, నాయిస్ కలపకుండా ఫిట్ చేయండి. యాభై, వంద వేర్వేరు చోట్ల నుంచి ఆప్టిమైజర్‌ను వదలండి. ఎర్రర్ సున్నాకు చేరిన ఫిట్‌లను మాత్రమే ఏరి, జంటలు జంటలుగా ప్లాట్ చేయండి. లామ్డా-పి ప్లాట్ లాగ్ స్కేల్‌లో వాలు గీతలా వస్తుంది. సి-డెల్టా ప్లాట్‌లో రెండు చుక్కల గుంపులు రావాలి. నాయిస్ కలిపి రెండోసారి చేయండి, అప్పుడు ప్రాక్టికల్ ఇబ్బంది ఎంతో తెలుస్తుంది. మొదటి రౌండ్ వదిలేసి నేరుగా నాయిస్‌తో చేస్తే, విలువలు చెదరడానికి కారణం నాయిసా, మోడలా అన్నది చెప్పలేరు.

6. అసలు డేటా మీద ప్రొఫైల్ లైక్లీహుడ్

ఆండ్రియాస్ రావె బృందం 2009లో ఈ రంగంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఒక పారామీటర్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతి మెట్టు దగ్గరా మిగతావాటన్నిటినీ మళ్ళీ ఆప్టిమైజ్ చేయాలి. లైక్లీహుడ్ అంటే ఆ విలువలతో ఈ డేటా రావడానికి ఉన్న సంభావ్యత. మైనస్ రెండు లాగ్ లైక్లీహుడ్ కనిష్ఠం కంటే 3.84 పెరిగే చోటు 95 శాతం హద్దు. మీ కోడ్ మైనస్ లాగ్ లైక్లీహుడ్ మాత్రమే ఇస్తుంటే హద్దు 1.92. ఈ రెండింటినీ కలగాపులగం చేసి అంతరాలు తప్పుగా ప్రకటించడం చాలా తరచుగా జరుగుతుంది.

ఆకారాన్ని ఇలా చదవండి:

- రెండు వైపులా లేచి హద్దు గీతను దాటింది: ఈ డేటాతో తేలింది.
- ఒక వైపు లేచి, ఇంకో వైపు గీత కిందే సాగిపోయింది: ప్రాక్టికల్ సమస్య, డేటా పెంచాలి.
- రెండు వైపులా పూర్తిగా బల్లపరుపు: స్ట్రక్చరల్ సమస్య. డేటా ఎంత పోసినా బూడిదలో పన్నీరే.

ఇక తప్పులు. ప్రొఫైల్ రంపపు పళ్ళలా వస్తే అది జీవశాస్త్రం కాదు, ఆప్టిమైజర్ మధ్యలో ఆగిపోయింది. పక్క బిందువు జవాబు నుంచి మొదలుపెట్టి మళ్ళీ నడపండి, రెండు దిశల నుంచీ. ప్రొఫైల్ ఒక్కసారిగా నిటారుగా లేస్తే మిగతా పారామీటర్లలో ఏదైనా మీరు పెట్టిన హద్దుకు తగిలిందేమో చూడండి. లామ్డాకు ప్రొఫైల్ తీస్తుంటే పి తన పై హద్దుకు కొట్టుకుంటుంది, లామ్డా తేలినట్టు కనిపిస్తుంది. అందుకే ప్రొఫైల్‌తో పాటు మిగతా పారామీటర్లు ఎటు కదిలాయో కూడా గీయండి. లాగ్ స్కేల్‌లో పి సరిగ్గా −1 వాలుతో దిగుతుంటే లబ్ధమే తేలుతోందని అర్థం.

అన్నిటికంటే దొంగ తప్పు సి విషయంలో ఉంది. సికి నిజానికి రెండు లోయలున్నాయి. మీ ప్రొఫైల్ ఒక లోయలో మొదలై, చిన్న మెట్లతో, ప్రతిసారీ పక్క జవాబు పట్టుకునే నడుస్తుంటే, రెండో లోయ కనబడకపోవచ్చు. చక్కటి ఇరుకైన అంతరం వస్తుంది. రెండో మెట్టు వదిలేసినవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. మల్టీస్టార్ట్‌లో (ఐదో మెట్టులోలా వేర్వేరు చోట్ల నుంచి నడిపినప్పుడు) దొరికిన ప్రతి సమానమైన కనిష్ఠం నుంచీ ప్రొఫైల్ మొదలుపెట్టండి.

ప్రత్యామ్నాయం ఎంసీఎంసీ, అంటే పారామీటర్ విలువల్ని యాదృచ్ఛికంగా ఏరుకుంటూ నడిచే బేసియన్ పద్ధతి. వాడొచ్చు, కానీ ప్రయర్ (డేటా చూడకముందు పెట్టుకున్న అంచనా) లోపాన్ని కప్పేస్తుంది. ప్రతి పారామీటర్‌కూ ప్రయర్, పోస్టీరియర్ (డేటా చూశాక వచ్చిన అంచనా) ఒకే ప్లాట్‌లో గీయండి. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే డేటా ఏమీ చెప్పలేదని అర్థం. చెయిన్లు (వేర్వేరుగా నడిపిన ఏరివేత వరుసలు) కలిశాయని సంబరపడొద్దు, అన్నీ ఒకే లోయలో కలిసి ఉండొచ్చు.

7. తీర్పును జంటతో రుజువు చేసుకోండి

ఏ టూల్ ‘తేలదు’ అన్నా, వేర్వేరు విలువలతో ఒకే కర్వ్ ఇచ్చే జంటను చేత్తో కట్టి సిమ్యులేట్ చేయండి. ఉదాహరణకు లామ్డా 10000, డి 0.01, బీటా 0.00000003, పి 100, టి ప్రారంభం 10 లక్షలు, వి ప్రారంభం 1000, కాలం రోజుల్లో. మొదటి సెట్: సి 3, డెల్టా 0.5, ఐ ప్రారంభం 30. రెండో సెట్: సి 0.5, డెల్టా 3, ఐ ప్రారంభం 5. రెండు వి కర్వ్‌లూ ఒకదానిమీద ఒకటి పడాలి, తేడా సాల్వర్ టాలరెన్స్ అంతే ఉండాలి. ఐ ప్రారంభం ఎందుకు మారింది? మొదట్లో వి మారే వేగం రెండు సెట్లలోనూ ఒకటే కావాలి కాబట్టి: 100 × 30 − 3 × 1000 సున్నా, 100 × 5 − 0.5 × 1000 కూడా సున్నా. ఐ ప్రారంభాన్ని 30 దగ్గరే వదిలేసి ‘కర్వ్‌లు వేరుగా వచ్చాయి, టూల్ తప్పు’ అనేవాళ్ళున్నారు.

ఈ జంటలో ఏది ఉంచాలో డేటా చెప్పదు, బయటి జ్ఞానం చెబుతుంది. అలన్ పెరెల్సన్ బృందం 1996లో రోగులకు మందు ఇచ్చి వైరస్ తగ్గే తీరు చూసి, వైరస్ సగటు ఆయుష్షు 0.3 రోజు, సోకిన కణానిది 2.2 రోజులు అని అంచనా వేసింది. ఆయుష్షు తక్కువైతే రేటు ఎక్కువ, అంటే సి పెద్దది, డెల్టా చిన్నది. ‘సి > డెల్టా’ అని పెట్టి ముందుకు వెళ్ళొచ్చు. కానీ అది బయటినుంచి తెచ్చిన షరతు అని రాయాలి, ఫిట్ నుంచి వచ్చినట్టు కాదు.

8. తేలకపోతే ఏం చేయాలి

చవకైన దారి పారామీటర్లు మార్చుకోవడం. పి × టిని ఒక స్టేట్‌గా, పి × ఐని ఇంకో స్టేట్‌గా, లామ్డా × పిని ఒకే పారామీటర్‌గా రాయండి. తెలియనివి తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగుతాయి, ర్యాంక్ కూడా ఎనిమిదే. వి గురించిన అంచనాలేవీ మారవు. మీ ప్రశ్న వి గురించే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు.

సోకిన కణాల సంఖ్యే కావాలంటే ఇంకో కొలత తప్పదు. కొలత ఏ యూనిట్లలో వస్తుందో ముందే చూసుకోండి. ఐని అసలు సంఖ్యల్లో కొలిస్తే లామ్డా-పి ముడీ, సి-డెల్టా తారుమారూ రెండూ విడిపోతాయి. ఫ్లోరోసెన్స్ లాంటి సాపేక్ష యూనిట్లలో, స్కేల్ తెలియకుండా కొలిస్తే తారుమారు మాత్రమే పోతుంది, ముడి అలాగే ఉంటుంది. కొత్త కొలతకు ఖర్చు పెట్టకముందు దాన్ని అవుట్‌పుట్‌గా చేర్చి రెండో మెట్టు మళ్ళీ నడిపితే ఈ సంగతి ముందే తెలిసిపోతుంది.

ఫలితం రాసేటప్పుడు ‘మోడల్ ఐడెంటిఫయబుల్’ అని ఒక్క ముక్కలో తేల్చకండి. ఏం కొలిచారు, ఏ ప్రారంభ విలువలు తెలుసనుకున్నారు, ఏ టూల్, ఏ వెర్షన్, లోకలా గ్లోబలా, ప్రొఫైల్‌లో ఏ హద్దులు పెట్టారు, ఏవి బయటి నుంచి ఫిక్స్ చేశారు, ఇవన్నీ రాయండి. పైన చెప్పిన జంట సిమ్యులేషన్ కోడ్‌ను కూడా జత చేయండి.